అరచేతిలో మాచర్ల రైలు

మాచర్ల : ఖాళీ అగ్గిపెట్టెలు నాలుగు ఏరుకొచ్చి, దారంతో ఒకదాని వెనుక ఒకటి కట్టి, నోటితో కూత వేస్తూ అరుగు మీద లాగని పిల్లవాడు పాత రోజుల్లో పల్నాటి పల్లెల్లో అరుదు. ముందుపెట్టె ఇంజను, వెనుకపెట్టె గార్డుది. మధ్య పెట్టెల్లో చీమలూ వేరుశనగ గింజలూ ప్రయాణికులు. అరుగు ఈ చివర గుంటూరు, ఆ చివర మాచర్ల. పిల్లవాడు పెద్దవాడై పలుగు, పార పట్టాక ఆ రైలు ఆగిపోతుంది.

కానీ ప్రపంచంలో ఆ రైలును ఆపకుండా నడిపేవాళ్ళు వేలాదిమంది ఉన్నారు. వాళ్ళలో పిల్లలు తక్కువ, నెరిసిన తలలవాళ్ళే ఎక్కువ. ఇంట్లో ఒక గదినో, మిద్దె మీద వసారానో కేటాయించి, బల్లమీద పట్టాలు పరచి, వేలెడంత ఇంజన్లతో నిజమైన రైలు పద్ధతిలోనే బండ్లు నడుపుతారు. ఎనభై, తొంభై ఏళ్ళనాటి బొమ్మ రైళ్ళను వెతికి తెచ్చి, తుప్పు వదలగొట్టి, మళ్ళీ పరుగు పెట్టిస్తారు. చూసేవారికి ఇది పిల్లల ఆట. చేసేవారికి చరిత్రను చేతబట్టడం.

ఈ సంగతి పల్నాటివారు చెవిన వేసుకోవాల్సిన కారణం ఒకటుంది. మన రైలే ఒకటి కనుమరుగయింది. దాన్ని మళ్ళీ చూడాలంటే బల్ల మీదే చూడాలి.

మన మీటరు గేజి

గుంటూరు నుంచి మాచర్లకు రైలు వచ్చింది 1930లో. మద్రాసు అండ్ సదరన్ మహరాఠా రైల్వే కంపెనీ ఈ లైను వేసింది. నల్లపాడు, పేరేచర్ల, సత్తెనపల్లి, బెల్లంకొండ, పిడుగురాళ్ళ, నడికుడి, గురజాల, రెంటచింతల దాటుకుని మాచర్లలో ఆగేది. దాదాపు 130 కిలోమీటర్ల దారి. పట్టాకూ పట్టాకూ మధ్య ఎడం ఒకే ఒక్క మీటరు. అందుకే దాన్ని మీటరు గేజి అన్నారు. నరసరావుపేట, వినుకొండల మీదుగా నల్లమల దాటి గుంతకల్లు పోయే లైను ఇంకా పాతది. అది పంతొమ్మిదో శతాబ్దం చివర వేసినది. అదీ మీటరు గేజే.

1990ల్లో ఈ రెండు లైన్లూ బ్రాడ్‌గేజి అయ్యాయి. పట్టాల ఎడం 1,676 మిల్లీమీటర్లకు, అంటే అయిదున్నర అడుగులకు పెరిగింది. పల్నాటి సున్నం, సిమెంటు, మిర్చి, పత్తి దేశంలో ఏ మూలకైనా బండి మార్చకుండా పోయే వీలు కలిగింది. ఆ మేలును ఎవరూ కాదనరు. అయితే పాత పట్టాలతో పాటు ఆ పట్టాలమీద తిరిగిన ఇంజన్లు, పెట్టెలు అన్నీ పోయాయి. గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమల అడవిలో దొరబావి వంతెన మీదుగా పోయిన పాత దారిని కూడా వదిలేసి, రైల్వేవారు కొత్త దారి వేశారు.

రోడ్డు పోతే గుర్తు ఉంటుంది. చెరువు పూడితే గట్టు మిగులుతుంది. రైలు పోతే ఇనుము తూకానికి పోతుంది. మిగిలేది చూసినవాళ్ళ జ్ఞాపకం ఒక్కటే.

నడిచే బొమ్మల కొలువు

ఇంట్లో రైలు అంటే ఏమిటో మన ఆడపడుచులకు వేరే చెప్పనక్కర లేదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం వాళ్ళకు తెలుసు. మెట్లు కట్టి, కొండపల్లి బొమ్మలు తీర్చి, ఇసుకతో పొలం, అద్దం ముక్కతో చెరువు, మొలకెత్తిన ఆవాలతో పచ్చిక అమర్చుతారు. అదే కొలువు మధ్యగా రైలు పట్టాలు వేసి, బండి నడిపితే ఎలా ఉంటుందో అదే ఈ సరదా. దీన్ని అభిమానులు లేఅవుట్ అంటారు.

కొలువు పండుగ వెళ్ళగానే పెట్టెలో పెట్టేస్తారు. లేఅవుటు అలా కాదు, ఏళ్ళ తరబడి పెరుగుతూ పోతుంది. మొదట ఒక గుండ్రటి పట్టా. తర్వాత పక్కలైను, స్టేషను. ఆ తర్వాత గేటు, గేటు దగ్గర ఎడ్లబండి, వేపచెట్టు, టీ బంకు. పూర్తయింది అనే మాట ఉండదు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఒకే బల్ల మీద పనిచేసేవారున్నారు.

తగరపు రేకుతో మొదలు

బొమ్మ రైళ్ళకు పుట్టిల్లు జర్మనీ. అక్కడ 1859లో మొదలైన మార్క్‌లిన్ అనే సంస్థ ముందు పిల్లలు ఆడుకునే వంటింటి గిన్నెలను తగరపు పూత రేకుతో చేసేది. 1891లో లైప్‌జిగ్ సంతలో ఆ సంస్థ ఒక కొత్త పద్ధతి చూపించింది. పట్టాల ఎడానికి నంబర్లు పెట్టి, ఈ నంబరు పట్టా మీద ఈ నంబరు బండి నడుస్తుందని తేల్చింది. అంతకుముందు ఒకరు చేసిన బండి మరొకరి పట్టా మీద ఎక్కేది కాదు. ఈ లెక్క వచ్చాకే బొమ్మ రైలు కొనుక్కున్నవాడు ఏటా ఇంకో పెట్టె, ఇంకో పట్టా చేర్చుకుంటూ పోగలిగాడు.

అమెరికాలో కథ మరీ చిత్రం. 1900 ప్రాంతంలో న్యూయార్కులో జాషువా లయొనెల్ కోవెన్ అనే యువకుడు ఒక దుకాణం అద్దాల బీరువాలో జనం దృష్టి పడేటందుకు కరెంటుతో తిరిగే చిన్న బండి చేసిపెట్టాడు. వచ్చినవాళ్ళు దుకాణంలో సరుకు మాని ఆ బండినే కొంటామన్నారు. అలా పుట్టినవే లయొనెల్ రైళ్ళు.

ఇంగ్లండులో లివర్‌పూల్ నగరవాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానో అనే బొమ్మ సామాను కనిపెట్టాడు. చిల్లులున్న రేకు బద్దలు, మరలు, బోల్టులు ఇస్తే పిల్లలే వంతెనలు, క్రేన్లు బిగించుకునేవారు. అదే సంస్థ 1920లో కీ ఇస్తే నడిచే రైళ్ళు తీసింది. 1938లో బల్ల మీద ఇమిడే చిన్న సైజు కరెంటు రైళ్ళు, హార్న్‌బీ డబ్లో పేరుతో వచ్చాయి. ఇవాళ పాత రైళ్ళు సేకరించేవారు ఎక్కువగా వెతికేవాటిలో ఇవి ఉన్నాయి. లివర్‌పూల్‌లోని ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

వెండి రైలు నుంచి పుణె దాకా

మన దేశానికి ఈ బొమ్మలు మొదట దొరల సామానులోనూ, రాజుల ముచ్చట కొద్దీ వచ్చాయి. అన్నిటిలోకీ పేరుమోసింది గ్వాలియరు మహారాజు సింధియా గారి వెండి రైలు. ఇంగ్లండులో బాసెట్ లోక్ సంస్థ చేత చేయించారు. జయవిలాస్ భవనంలో భోజనాల బల్ల మీద పట్టాలు వేసి, ఈ రైలు చేత అతిథులకు సారాయి సీసాలు, చుట్టలు అందించేవారు. ఎవరైనా సీసా పైకెత్తితే బండి అక్కడే ఆగేది. తిరిగి పెడితే కదిలేది. ఆ రైలు ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉంది.

పెద్దవాళ్ళు బొమ్మలు సేకరించడం మన ప్రాంతానికీ కొత్త కాదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక విభాగమే బొమ్మలది.

రాజులకే పరిమితమైన ముచ్చటను మధ్యతరగతి ఇంటికి తెచ్చినవారిలో పుణెకు చెందిన భావూసాహెబ్ జోషీ గారిది మొదట చెప్పుకోవలసిన పేరు. కొత్రూడ్ పేటలో ఆయన కట్టిన చిన్న రైళ్ళ మ్యూజియం 1998 ఏప్రిల్ 1న ప్రారంభమయింది. ఒకే గదిలో ఒక ఊరంతా ఉంటుంది. పలు రకాల రైళ్ళు, సిగ్నళ్ళు, పైవంతెనలు, సర్కస్ డేరా, ఈతకొలను, తీగ మీద నడిచే పెట్టెలు. అన్నీ తిరుగుతూ ఉంటాయి. ఒక మనిషి జీవితకాలపు సరదా ఊరందరికీ చూడవలసిన చోటు అయింది.

నిజమైన ఇంజన్లు చూడాలనుకునేవారికి ఢిల్లీలో 1977లో వెలసిన జాతీయ రైలు మ్యూజియం ఉంది. పల్నాడు నుంచి దగ్గరగా పోవాలంటే చెన్నై పెరంబూరు పక్కన పెట్టెల కర్మాగారం వద్ద ప్రాంతీయ రైలు మ్యూజియం ఉంది.

మద్రాసు మూర్ మార్కెట్ సంగతి కూడా చెప్పుకోవాలి. సెంట్రల్ స్టేషను పక్కనే ఉన్న ఆ బజారులో పాత పుస్తకాలు, పాత బొమ్మలు, పాత గడియారాలు అమ్మేవారు. 1985లో అది అగ్నికి ఆహుతి అయింది. ఆ స్థలంలోనే తర్వాత లోకల్ రైళ్ళ స్టేషను లేచింది. పాత బొమ్మలు అమ్మిన చోట నిజం రైళ్ళు ఆగడం విధి చమత్కారం.

లెక్క తప్పితే రైలు కాదు

బొమ్మకూ నమూనాకూ తేడా లెక్కలో ఉంది. బొమ్మ రైలు చూడడానికి రైలులా ఉంటే చాలు. నమూనా రైలు ప్రతి అంగుళంలోనూ అసలు రైలుకు తగ్గట్టు ఉండాలి. ప్రపంచంలో ఎక్కువమంది వాడే లెక్క ఒకటికి ఎనభై ఏడు. అంటే అసలు వస్తువులో ఎనభై ఏడో వంతు.

ఈ లెక్కన అయిదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్లు అవుతాడు, చిటికెనవేలి చివరి కణుపంత. పందొమ్మిది మీటర్ల పైచిలుకు ఉండే మీటరు గేజి పెట్టె 22 సెంటీమీటర్లకు, అంటే జానెడుకు దిగుతుంది. ఇంజను, అయిదు పెట్టెలు కలిపిన బండికి నాలుగున్నర అడుగుల ప్లాట్‌ఫారం కావాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బల్ల మీద సెకనుకు 13 సెంటీమీటర్లు మాత్రమే కదలాలి. కొత్తవాళ్ళు ఇక్కడే పొరబడతారు. రైలును బాణంలా పరుగెత్తిస్తారు. అనుభవజ్ఞుడు నత్తలా నడిపిస్తాడు. మెల్లగా, కుదుపు లేకుండా నడిచే ఇంజనే మంచి ఇంజను.

మరి గుంటూరు, మాచర్ల మధ్య 130 కిలోమీటర్లనూ ఇదే లెక్కన వేస్తే? దాదాపు కిలోమీటరున్నర పట్టా కావాలి. ఏ ఇంట్లోనూ పట్టదు. అందుకని అభిమానులు ఒక ఉపాయం చేస్తారు. దారినంతా వదిలేసి ఒక్క స్టేషను తీసుకుంటారు. మిగతా దారి గోడ వెనుక దాగిన చుట్టు పట్టాలో ఉందనుకుంటారు. బండి గోడ వెనుకకు పోతే గుంటూరు పోయినట్టు, కాసేపటికి బయటికొస్తే గుంటూరు నుంచి వచ్చినట్టు. నాటకంలో తెర వెనుక ఊళ్ళున్నట్టే ఇదీ.

మన రైలుకు ఇంకొక చిక్కు ఉంది. అంగళ్ళలో దొరికే నమూనా పట్టా ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఇది ఐరోపా, అమెరికాల్లో వాడుకలో ఉన్న 1,435 మిల్లీమీటర్ల పట్టాకు సరిపోయేది. మన బ్రాడ్‌గేజిని ఎనభై ఏడో వంతుకు దించితే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. కాబట్టి మన పెద్ద రైలు ఆ పట్టా మీద పెడితే కాళ్ళు దగ్గర పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. మీటరు గేజి మాత్రం పదకొండున్నర మిల్లీమీటర్లకు దిగుతుంది. దానికి దగ్గరగా 12 మిల్లీమీటర్ల పట్టా తయారుగా దొరుకుతుంది. కారణం స్విట్జర్లాండు. అక్కడి కొండల్లో మీటరు గేజి రైళ్ళు నేటికీ నడుస్తున్నాయి. వాటి నమూనాల కోసం జర్మనీలో బెమో అనే సంస్థ 12 మిల్లీమీటర్ల బండ్లు, పట్టాలు చేస్తుంది. ఆ చక్రాల మీద మన పెట్టెను అట్టతోనో రేకుతోనో కట్టుకుంటే మాచర్ల బండి అవుతుంది. ఆ విధంగా చూస్తే పోయిన రైలును చేసుకోవడమే ఉన్న రైలును చేసుకోవడం కంటే తేలిక.

పట్టాల్లోనే కరెంటు

ఇంత చిన్న ఇంజను ఎలా నడుస్తుంది? లోపల సుద్దముక్కంత మోటారు ఉంటుంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును ట్రాన్స్‌ఫార్మరు 12 వోల్టులకు దించి, ఒకే దిశలో పారేటట్టు చేసి, రెండు పట్టాలకూ ఇస్తుంది. ఒక పట్టా ప్లస్సు, ఒకటి మైనస్సు. చక్రాలు ఆ కరెంటును తాకి మోటారుకు అందిస్తాయి. ప్లస్సు, మైనస్సు మారిస్తే బండి వెనక్కి పోతుంది. వోల్టులు తగ్గిస్తే మెల్లగా పోతుంది. పట్టా మీద చెయ్యి పెట్టినా షాకు కొట్టదు. అయితే ట్రాన్స్‌ఫార్మరు మాత్రం నాణ్యమైనది కావాలి, ఫ్యూజు తప్పనిసరి. కరెంటు పోయిన పూట 12 వోల్టుల బ్యాటరీతోనూ బండి నడుస్తుంది.

బల్ల సంగతికొస్తే ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లయివుడ్డు చాలు. టింబరు డిపోలో దొరికే మామూలు షీటు కొలతే అది. పద్దెనిమిది అంగుళాల వ్యాసార్ధంతో మలుపు తిప్పితే అందులో ఒక చుట్టు ఇముడుతుంది.

విదేశీ ఇంజను ఒక్కదానికే వేల రూపాయలవుతుంది. అందుకని మన దేశంలో చాలామంది ఇంజను ఒక్కటి కొని, మిగతావన్నీ చేత్తో చేసుకుంటారు. పెళ్ళి పత్రికల అట్ట, అగ్గిపుల్లలు, చీపురు పుల్లలు, రంపపు పొట్టు. పొట్టుకు రంగు పులిమితే గడ్డి. ఎండిన వేపరెమ్మ చెట్టవుతుంది. కంకర కావాలంటే ఇసుకను జల్లెడ పట్టాలి.

పాత బొమ్మకూ జబ్బులుంటాయి

కొత్తవి చేసేవారు ఒక తెగ అయితే, పాతవి సేకరించేవారు మరొక తెగ. పాత బండి చేతికి రాగానే మొదట చూసేది చక్రాలు, ఇంజను అడుగు భాగం. 1930ల నాటి బండ్లలో కొన్ని భాగాలు జింకు కరిగించి పోత పోసినవి. ఆ పోతలో సీసం వంటివి కలిసి ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, బీటలు వారి, చివరకు బెల్లంలా పొడి అయిపోతుంది. దీనికి మందు లేదు. ఆ భాగం తీసి కొత్తది వేయడమే.

కీ ఇచ్చే బండ్లలో స్ప్రింగు చూడాలి. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న నూనె చిక్కబడి జిగురవుతుంది. బండి నడవకపోతే స్ప్రింగు విరిగిందని కంగారు పడతారు గానీ, చాలాసార్లు ఆ జిగురే కారణం. కడిగి, ఒక్క చుక్క పలుచని నూనె వేస్తే మళ్ళీ తిరుగుతుంది. ఒక్క చుక్కే. ఎక్కువైతే దుమ్ము పట్టుకుంటుంది. పాత కరెంటు బండ్లలో అయస్కాంతం బలం తగ్గి ఉంటుంది. దానికి మళ్ళీ బలం పట్టించాలి.

రంగు విషయంలో తొందరపడకూడదు. మాసిపోయినా సరే పాత రంగు పాత రంగే. కొత్త రంగు వేయగానే దాని విలువ సగానికి సగం పడిపోతుందని సేకరించేవారు చెప్పే మాట. బొమ్మతో పాటు వచ్చిన అట్టపెట్టె కూడా ఉంటే విలువ పెరుగుతుంది. ఏ ఇంట్లోనైనా అటకమీద అలాంటిది కనబడితే చింతపండుతో తోమకుండా మెత్తని గుడ్డతో తుడిచి పెట్టడం మేలు.

పాత బండిని నడపాలా, అద్దాల బీరువాలో ఉంచాలా అన్నది సేకరించేవారి మధ్య ఎప్పుడూ ఉండే తగువు. నడిపితే అరుగుతుంది. నడపకపోతే బిగుసుకుపోతుంది. అప్పుడప్పుడు మెల్లగా నడపడమే మేలని అనుభవం. కాడికి కట్టని ఎద్దు, తిప్పని మర ఒకటే.

రెంటచింతల ఎండ, పిడుగురాళ్ళ దుమ్ము

ఈ సరదాకు పల్నాటి వాతావరణం కొంచెం పరీక్షే. రెంటచింతల ఎండల మాట రాష్ట్రమంతటికీ తెలుసు. పట్టా లోహం వేడికి సాగుతుంది. పది మీటర్ల పట్టా రాత్రి 20 డిగ్రీల్లో ఉన్నదానికంటే పగలు 45 డిగ్రీల్లో నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. బల్ల మీద నాలుగు మిల్లీమీటర్లంటే పట్టా విల్లులా వంగి బండి పడిపోవడానికి చాలు. అందుకని మూడడుగుల ముక్కకూ ముక్కకూ మధ్య రెండు పోస్టుకార్డుల మందం సందు వదలాలి. పాత రోజుల్లో రైల్వేవారు పెద్ద పట్టాలకు వదిలిన సందూ ఇందుకే. బండి ఎక్కినవారికి టకటకమని వినిపించిన శబ్దం ఆ సందులదే.

ఇక దుమ్ము. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల ధూళి, మాచర్ల నాపరాళ్ళ పొడి, నరసరావుపేట పత్తి నూగు. వీటిలో ఏది పట్టా మీద పేరుకున్నా చక్రానికి కరెంటు అందదు. బండి కుంటుతుంది. రోజూ నడిపే ముందు పొడిగుడ్డతో పట్టా తుడవాలి, రాత్రి పాత చీర కప్పాలి. వానాకాలం చెమ్మకు తగరపు రేకు తుప్పు పడుతుంది కాబట్టి నేలమీద కాక ఎత్తున ఉంచాలి.

ఏ సంవత్సరం రైలు?

మాచర్ల రైలు నమూనా చేయాలనుకున్నవాడు మొదట తేల్చుకోవలసింది ఏ సంవత్సరపు రైలు అన్నది. 1944కు ముందైతే లైను కంపెనీది. ఆ ఏడాది ప్రభుత్వం కంపెనీని స్వాధీనం చేసుకుంది. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. గుంటూరు డివిజను వచ్చింది 2003లో, అప్పటికి మీటరు గేజి ఇక్కడ లేదు. పెట్టె మీద రాసే అక్షరాలు ఈ తేదీలను బట్టి మారతాయి. పెట్టెల రంగు కూడా అంతే. ముదురు ఎరుపు రంగు పెట్టెలు పోయి దేశమంతటా నీలి రంగు వచ్చింది 1990ల్లో.

ఇంజన్ల సంగతీ చూడాలి. స్వాతంత్ర్యం తర్వాత దేశంలోని మీటరు గేజి లైన్ల మీద బాగా తిరిగిన బొగ్గు ఇంజన్లు రెండు రకాలు. ప్రయాణికుల బండ్లకు వై.పి., గూడ్సు బండ్లకు వై.జి. వీటిలో చాలావాటిని జంషెడ్‌పూర్‌లో టెల్కో చేసింది. మన దేశంలో మీటరు గేజికి బొగ్గు ఇంజన్ల తయారీ 1972తో ముగిసింది. డీజిలు ఇంజన్లు అంతకుముందే రాసాగాయి. 1950 నాటి స్టేషనులో డీజిలు ఇంజను పెడితే శ్రీకృష్ణుడి చేతికి వాచీ పెట్టినట్టు ఉంటుంది.

చివరి స్టేషను అందం

నమూనా చేయడానికి మాచర్ల లాంటి చివరి స్టేషను ఎంతో అనువైనది. నడుమ స్టేషనులో బండి వస్తుంది, పోతుంది. చివరి స్టేషనులో పని ఉంటుంది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇంజను పెట్టెలను వదలాలి. కొంచెం ముందుకు పోయి, పాయింటు మారాక పక్కలైను మీదుగా అవతలి చివరకు వచ్చి తగులుకోవాలి. బొగ్గు ఇంజనైతే నీళ్ళు పట్టాలి, బూడిద దులపాలి. అప్పుడే తిరుగుబండి. బల్ల మీద ఈ పని అంతా చేత్తో చేయిస్తూ ఉంటే గంట గడిచినా తెలియదు.

ఒంటిలైను మీద రెండు బండ్లు ఎదురుపడకుండా వాడిన టోకెను పద్ధతి కూడా ఆటలోకి తేవచ్చు. డ్రైవరు చేతిలో టోకెను బంతి లేనిదే బండి స్టేషను దాటడానికి వీల్లేదు. బల్ల మీద ఆ బంతికి బదులు గోళీ చాలు. ఈ గోళీ ఎవరి చేతిలో ఉంటే వారిదే లైను. పిల్లలకు రైలు క్రమశిక్షణ దీనికంటే తేలికగా నేర్పే పాఠం లేదు. లెక్కలు, కరెంటు, వడ్రంగం, చరిత్ర అన్నీ ఒక్క బల్ల మీద వస్తాయి. హైస్కూలు సైన్సు మాస్టర్లు దీని మీద దృష్టి పెట్టదగ్గది.

చెప్పేవాళ్ళు ఉండగానే

ఇంత చెప్పాక అసలు మాట ఒకటి మిగిలింది. నమూనా చేయడానికి పట్టా కొనుక్కోవచ్చు, మోటారు తెప్పించుకోవచ్చు. అంగట్లో దొరకనిది సమాచారం. నీళ్ళ ట్యాంకు స్టేషనుకు ఏ పక్క ఉండేది? గూడ్సు షెడ్డు తలుపు ఎటు తెరుచుకునేది? ప్లాట్‌ఫారం మీద ఎన్ని చెట్లుండేవి, ఏమి చెట్లు? స్టేషను పేరు పలక మీద అక్షరాలు ఏ రంగు? ఇవి రైల్వే కాగితాల్లో అన్నీ దొరికేవి కావు. ఆ లైను మీద పనిచేసిన గ్యాంగుమెన్లు, పాయింట్స్‌మెన్లు, గార్డులు చెప్పాలి. స్టేషను బయట సోడాలు, జామకాయలు అమ్మినవారు చెప్పాలి. మీటరు గేజి పోయేనాటికి ముప్పై అయిదేళ్ళున్న ఉద్యోగి ఇవాళ వృద్ధుడు. ఏటేటా వాళ్ళ సంఖ్య తగ్గుతోంది.

పల్నాడుకు జ్ఞాపకం ఉంచుకోవడం కొత్త విద్య కాదు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి యుద్ధంలో నేలకొరిగిన వీరుల ఆయుధాలను కొణతాల పేరుతో నేటికీ కారెంపూడికి ఊరేగింపుగా తెస్తున్న గడ్డ ఇది. ఎనిమిది వందల ఏళ్ళ కథను నిలబెట్టుకున్నవారికి అరవై ఏళ్ళ పైచిలుకు తిరిగిన రైలును నిలబెట్టుకోవడం పెద్ద పని కాదు.

కావలసింది ఎనిమిదడుగుల బల్ల, ఒక నోటుపుస్తకం, ఓపిక గల నలుగురు. ముందు నోటుపుస్తకం. తాతను కూర్చోబెట్టి అడిగినది అడిగినట్టు రాసుకోవాలి. ఇంట్లో పాత పెళ్ళి ఫొటోల్లో, విహారయాత్ర ఫొటోల్లో వెనుకగా ఎక్కడైనా రైలు పెట్టె, స్టేషను పలక కనబడితే దాచిపెట్టాలి. పాత స్టేషను కట్టడాలు ఏ కొంచెం మిగిలి ఉన్నా టేపుతో కొలిచి రాసిపెట్టాలి. బల్ల తర్వాత.

అలా తయారైన నమూనాను అద్దాల పెట్టెలో పెట్టి మాచర్లలోనో, జిల్లా కేంద్రం నరసరావుపేటలోనో నలుగురూ చూసే చోట ఉంచడానికి రైల్వే అధికారులు, విద్యాశాఖవారు చేయూతనిస్తే ఖర్చు స్వల్పం, ఫలితం ఘనం. మీట నొక్కగానే జానెడు పెట్టెలు అయిదు కట్టుకుని, వేలెడంత ఇంజను సెకనుకు పదమూడు సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా మాచర్ల ప్లాట్‌ఫారానికి చేరుతుంది. చూస్తున్న మనుమడు, ఇంత చిన్నదా అని అడుగుతాడు. పక్కన నిలబడ్డ తాత, కాదురా అబ్బాయ్, అని మొదలుపెడతాడు. ఆ తాత ఉండగానే ఆ బల్ల తయారు కావాలి.